కారు అడిగే కేవైసీ

పాత కారు స్టార్ట్ కాకపోవడం అనంతపురంలో ఇంజన్‌కు సంబంధించిన విషయం కాదు, పౌరహక్కులకు సంబంధించినది. బానెట్ పైకి లేవడం ఆలస్యం, రోగమేమిటో చెప్పే హక్కు వీధిలో అందరికీ వచ్చేస్తుంది. టీ బంకు దగ్గరున్న వాళ్లకు, అటుగా పోతున్న పాలాయనకు, అసలు బండే లేని వాళ్లకు కూడా. ఈ మధ్య కొందరు కుర్రాళ్లు ఈ హక్కుకు ఎసరు పెడుతున్నారు. ముందు వోల్టు మీటర్ పెట్టి చూడాలట, కొలిచాకే మాట్లాడాలట. పెద్దల అనుభవానికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? ఖండించక తప్పదు.

ముద్దాయి ఎవరో ముందు చెప్పుకుందాం. ఏ కేసైనా చివరికి ఇమ్మొబిలైజర్ మీదకే, అంటే దొంగ తాళంతో ఇంజన్ నడవకుండా ఆపే ఏర్పాటు మీదకే వస్తుంది. తాళం తలలో, నల్ల ప్లాస్టిక్ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది. చాలా పాత బండ్లలో దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. తాళం పెట్టే చోటు చుట్టూ ఉన్న కాయిల్ రింగు, సుమారు 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో దాన్ని నిద్రలేపి, నువ్వెవరని అడుగుతుంది. చిప్ చెప్పిన గుర్తింపు సరిపోతే ఇంజన్ కంప్యూటర్ (షెడ్డు భాషలో ఈసీఎం) ఇంధనం వదులుతుంది, లేకపోతే వదలదు. అంటే కూరగాయలకు వెళ్లినా కేవైసీయే. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. ఎమ్మెల్యేగారి లెటర్ తెచ్చినా, ఫలానా ఆఫీసులో మా బావమరిది ఉన్నాడని చెప్పినా కరగని వెరిఫికేషన్ ఈ జిల్లాలో నాకు తెలిసి ఇదొక్కటే. జనానికి దానిమీద అంత కోపం ఉండటంలో ఆశ్చర్యమేముంది?

పెనుకొండ దగ్గర 2019 నుంచి కొత్త కార్లు తయారవుతున్నాయి. బటన్ నొక్కితే చాలు, స్టార్ట్ అవుతాయి. 2022లో జిల్లా రెండైంది, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, గొప్పలు చెప్పుకోవడం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అయినా ఆ బండ్లతో మనకేం పని? మన చర్చంతా పదిహేనేళ్లు దాటి, సీటు కవర్లు రెండుసార్లు మారిన బండ్ల గురించే.

ఇక డూప్లికేట్ తాళం. తాళం పోతే రోడ్డు పక్కన ఆకురాయితో కొత్తది చేయించుకుంటాం. తలుపు తీస్తుంది, డిక్కీ తీస్తుంది, సెల్ఫ్ కూడా గిర్రున తిప్పుతుంది. ఇంజన్ మాత్రం అందుకోదు, అందుకున్నా రెండు సెకన్లలో చచ్చిపోతుంది. తాళంలో చిప్ లేదు మరి. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ లైటు టపటపా కొట్టుకుంటూ అదే చెబుతుంటుంది. ఆ లైటును చూసి ఎవరూ కలవరపడరు, వెలగడమే దాని పని అనుకుంటారు. పక్కింటాయనైతే కసాపురం ఆంజనేయస్వామి గుళ్లో బండికి పూజ చేయించారా లేదా అని మాత్రమే అడుగుతాడు.

అన్నిటికన్నా బలమైన శాస్త్రం హారన్ శాస్త్రం. మొన్న మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారి కారు మొరాయించింది. తాళం తిప్పితే టక్ మని ఒక్క శబ్దం, అంతే. ఒక పెద్దాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ కొట్టి, "వినప్పా, ఎట్లా మోగుతాందో! బ్యాటరీకేం రోగం? ఇది సెన్సారే" అని తేల్చేశాడు. హారన్‌కు నాలుగైదు ఆంపియర్లు చాలు. సెల్ఫ్ మోటరుకు వంద దాటుతుంది. ఈ తేడా పెద్దాయనకు ఎవరైనా చెప్పాలంటే ముందు వయసులో ఆయనకన్నా పెద్దవాళ్లయి ఉండాలి.

టక్ మని ఊరుకోవడం ఒక రోగం. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోవడం ఇంకో రోగం. చాలా పాత బండ్లలో ఇమ్మొబిలైజర్ సెల్ఫ్ జోలికే పోదు, పెట్రోలునో స్పార్కునో ఆపుతుంది. కాబట్టి టక్ మన్నప్పుడు చూడాల్సినవి బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్తు తీగ, సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు సొలినాయిడ్. ఇలాంటి విడదీతలు చర్చను పది నిమిషాల్లో ముగిస్తాయి కనుక వాటిని ఎవరూ ప్రోత్సహించరు.

తరువాత బండిని తోశారు. నలుగురు తోస్తే, సెకండ్ గేరులో క్లచ్ వదిలిన వెంటనే స్టార్ట్ అయింది! చిప్ మంచిదే, పెట్రోలు వస్తోంది, స్పార్క్ ఉంది, తప్పంతా సెల్ఫ్‌కు కరెంటు చేరే దారిలో ఉంది అని బండి స్వయంగా వాంగ్మూలం ఇచ్చినట్టే. వాంగ్మూలం ఎవరూ రాసుకోలేదు. చెమట తుడుచుకుని, "ఎందుకైనా మంచిది, ఈసీఎం చూపించండి సార్" అన్నారు.

షెడ్డులో స్కానర్ తగిలించారు. బండి కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్లు చదివే పరికరమది. స్కానర్ అంటే మనకు ఎమ్మారై అంటే ఉన్నంత గౌరవం. పీ0513 అనే కోడ్ వచ్చింది. అంటే, తాళం గుర్తింపు సరిపోలేదని. ఇంకేం కావాలి! నిజానికి బ్యాటరీ దగ్గర కరెంటు సరిగా అందనప్పుడు సెల్ఫ్ కొడితే వోల్టేజీ ధడాలున పడిపోతుంది. ఆ క్షణంలో కంప్యూటర్లకు ఒకదాని మాట ఒకదానికి వినపడదు, ఎవరి మీద ఏ కేసు రాసుకుంటాయో వాటికే తెలియదు. ముందు ఆ కోడ్ చెరిపి, బ్యాటరీ సంగతి చూసి, మళ్లీ వస్తుందేమో గమనించాలి. అందుకు ఓపిక కావాలి. ఓపికకు బిల్లు వేసే పద్ధతి మన దగ్గర ఇంకా రాలేదు.

కొత్తగా పనిలో చేరిన కుర్రాడొకడు ఈలోగా నెగెటివ్ టెర్మినల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. స్పానర్ లేకుండానే తిరిగింది. కింద తెల్లగా, అక్కడక్కడా పచ్చగా పొడి పేరుకుని ఉంది. "అన్నా, ఇది లూజుగా ఉండాది" అన్నాడు. అతణ్ణి టీ తెమ్మని పంపారు.

మీటర్ పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఆపి ఉంచిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా దిగకూడదు. మీటర్ వైరు ఒకటి బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, ఇంకోటి ఇంజన్ మీద పెట్టి సెల్ఫ్ కొడితే అర వోల్టు లోపే ఉండాలి, దాటితే ఎర్తు దారిలో ఎక్కడో అడ్డం ఉన్నట్టు. ఐదు నిమిషాల పని. ఆ తరువాత షెడ్డులో కూర్చున్న పదిమందీ ఏం మాట్లాడుకోవాలి? మన ఎండలకు బ్యాటరీలు ఎలాగూ త్వరగా పోతాయి, ప్రతిసారీ బ్యాటరీయే కారణమని తేలితే ఇన్నేళ్లుగా సెన్సార్ల మీద పెంచుకున్న పరిజ్ఞానం ఏం కావాలి?

కాబట్టి నా ప్రతిపాదన. తనిఖీ ఎప్పుడూ ఖరీదైన భాగంతో మొదలుకావాలి. హారన్ మోగిన బ్యాటరీని నిర్దోషిగా ప్రకటించాలి. మీటర్ బయటికి తీసేవాళ్లు కనీసం ముగ్గురు పెద్దల అనుమతి పత్రం తేవాలి.

మాస్టారి బండి వారం తరువాత ఇంటికి వచ్చింది, మొదటి తిప్పుకే స్టార్ట్ అవుతోంది. బిల్లు నాకు చూపించారు. ఈసీఎం రిపేరు, తాళం కోడింగ్, స్కానింగ్ చార్జీ, లేబర్. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాలతో, టెర్మినల్ క్లీనింగ్, టైటింగ్: ఫ్రీ.