వీడియో గేములలో కొలువుదీరిన ధర్మసంకటం గారికి

విజయనగరం మూడు లాంతర్ల సమీపాన ఒక అద్దె ఇంటి మేడగది నుంచి నమస్కరించి వ్రాయునది. తమరి క్షేమం ప్రతి కొత్త గేము ప్రకటనలోనూ తెలుస్తూనే ఉన్నది. నా క్షేమం మాత్రం మొన్న ఆదివారంతో సరి.

ముప్పై గంటలు ఆడి వచ్చినవాణ్ని తమరు ఒక వంతెన మీద నిలబెట్టారు. దానిని కూల్చితే కోటలోనివారు, ఉంచితే వెనుక వస్తున్న శరణార్థులు బతుకుతారన్నారు. చేతిలో టీ చల్లారిపోయేదాకా ఆలోచించి, "ఇంతకీ నువ్వు మంచోడివా, చెడ్డోడివేట్రా?" అని మా అమ్మ రెండుసార్లు అడిగినా జవాబు చెప్పలేక, చివరకు కూల్చాను. పాపభారం మోయలేక, సేవ్ చేసుకున్న చోటికి తిరిగి వెళ్లి కూల్చకుండానూ చూశాను. అదే వాన, అదే శవాల బండి, అదే ముసలి సేనాని, అదే ప్రసంగం. "వారు" అన్నచోట "వీరు" అన్నాడు, అంతే.

రెండు దారులూ ఒకే గుమ్మానికి చేరేటప్పుడు నన్ను కూడలిలో అరగంట ఎండబెట్టడం ఎందుకండీ? మూడు భాగాల నిర్ణయాలన్నిటినీ ఎరుపు, నీలం, ఆకుపచ్చ వెలుగులకు కుదించి చేతిలో పెట్టిన 'మాస్ ఎఫెక్ట్ 3' 2012లో ఎంత గోలకు కారణమైందో, ఆ జూన్‌లోనే ముగింపును ఉచితంగా పొడిగించవలసి వచ్చిందో తమరికి తెలియనిది కాదు. మనుషులను కాల్చేసే తెల్ల భాస్వరం చల్లడం తప్ప వేరే దారి ఉంచకుండా, చల్లినందుకు నన్నే దోషిని చేసిన 'స్పెక్ ఆప్స్: ది లైన్' మాట ఎత్తను, అదీ ఆ ఏడాదిదే.

తమరు చిన్నచూపు చూసే మోటు మంచిచెడులే నయం. 'ఫాలౌట్ 3'లో ఊరి నడుమనున్న అణుబాంబును పేలిస్తే ఊరు నిజంగానే పోతుంది. దానిలో సూక్ష్మం లేదు, మోసమూ లేదు.

సూక్ష్మం అంటారా, 1892లో 'కన్యాశుల్కం' తొలిసారి ఆడిన ఊరు మాది. గిరీశం దగాకోరని తెలిసీ అతడు మళ్లీ ఎప్పుడు నోరు విప్పుతాడా అని చూస్తాము. పెద్దమనుషులలో లేని నీతి వేశ్య మధురవాణిలో ఉన్నదని చూపడానికి గురజాడకు రెండు బటన్లు అక్కరలేకపోయింది. నీకు మంచిచెడుల నడుమ బూడిదరంగు పూయడం వచ్చునే గాని, మనుషులు తెలియరు! కోటలో ఒక్కడి పేరైనా చెప్పావా? శరణార్థులలో ఒక్క ముఖమైనా చూపావా? ఎవరో తెలియనివారి ప్రాణాలు తూచమంటే అది ధర్మసంకటం కాదు, బొమ్మా బొరుసూ.

అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. 'విచర్ 3'లో చెట్టు వేళ్లలో బందీగా ఉన్న ఆత్మను విడిపించాను. అనాథ పిల్లలు బతికారు. ఒక పల్లె నాశనమైంది, ఆ ప్రాంతపు దొర బారన్ భార్య చనిపోయింది, బారన్ ఉరి వేసుకున్నాడు. మూడు రోజులు కంప్యూటరు తెరవలేదు. అలాంటి దెబ్బ ఇంకొకటి కొడతావనే కదా, ఆ వంతెన మీద టీ చల్లార్చుకుంటూ నిలబడ్డాను.

ఇట్లు,
వంతెన కూల్చినవాడు, కూల్చనివాడు కూడా.