అటకెక్కిన శాటిలైట్ ఫోన్ ఎవరినీ కాపాడదు

పెద్ద విపత్తు వచ్చిన ప్రతిసారీ ఒకే తంతు నడుస్తుంది. సెల్ టవర్లు కూలాయని, ఫైబర్ తెగిందని, సహాయక దళాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోయాయని నివేదిక వస్తుంది. కొద్ది నెలల్లో శాటిలైట్ ఫోన్లు, డిష్‌లు కొంటారు, వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు, ఆపైన వాటి ఊసెత్తేవారుండరు. ఉపగ్రహ సమాచార ప్రణాళిక అంటే కొనుగోలు జాబితా అనుకున్నంత కాలం ఈ తంతు ఇలాగే సాగుతుంది. ఏ పరికరం కొనాలన్నది చివర తేల్చుకోవలసిన విషయం. దాన్ని ఎవరు వాడతారు, ఎవరితో మాట్లాడతారు, నెల నెలా బిల్లు ఎవరు కడతారు అన్నవి ముందు తేలాలి.

2005లో అమెరికాను ముంచెత్తిన కత్రినా తుపానునే తీసుకోండి. సమాచార వ్యవస్థలన్నింటిలో అతి తక్కువగా దెబ్బతిన్నది ఉపగ్రహ సేవేనని, అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమించిన స్వతంత్ర కమిటీ 2006లో తేల్చింది. అయినా అది అందరికీ అక్కరకు రాలేదు. కొందరి ఫోన్లలో ఛార్జింగ్ లేదు, కొందరికి వాడటం రాదు. లూసియానాలో చాలా పారిష్‌లు, అంటే అక్కడి జిల్లాల వంటివి, నెలవారీ రుసుము భారమై తుపానుకు ముందే ఆ సేవను వదులుకున్నాయి. ఉపగ్రహాలు కక్ష్యలో చెక్కుచెదరకుండా తిరుగుతూనే ఉన్నాయి, తెగిపోయింది చందా.

వాడటం రాకపోవడం చిన్న విషయమేమీ కాదు. చేతి ఫోన్ యాంటెన్నాను పూర్తిగా లాగి, ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి, నెట్‌వర్క్‌లో నమోదయ్యేదాకా ఆగాలి. పక్క వీధిలోని అగ్నిమాపక కేంద్రానికి చేయాలన్నా దేశ కోడ్ తగిలించి విదేశీ కాల్‌లా నంబరు నొక్కాలి. కంట్రోల్ రూమ్ కాంక్రీటు గోడల మధ్య కూర్చున్న అధికారికి ఈ సంగతులు తుపాను రాత్రి తెలిస్తే ఏం ప్రయోజనం? భూస్థిర ఉపగ్రహం, అంటే నేల మీద నుంచి చూస్తే ఎప్పుడూ ఒకేచోట నిలిచి ఉన్నట్టు కనిపించేది, 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి మాట అంత దూరం ఎక్కి దిగడానికి పావు సెకను పడుతుంది. వాకీటాకీ తరహా సేవలో లింకు తెరుచుకోకముందే మాట్లాడితే మొదటి మాట ఎగిరిపోతుంది. ‘మూడో అంతస్తులోకి వెళ్లకండి’ అన్న హెచ్చరికలో ‘మూడో’ వినపడకపోతే ఏమవుతుందో సిబ్బందికి విడమరిచి చెప్పనక్కర్లేదు. మీట నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడాలన్న అలవాటు సాధనతోనే వస్తుంది.

కరెంటు సంగతీ అంతే. దగ్గరి కక్ష్యలోని ఉపగ్రహాలతో పనిచేసే డిష్ దాదాపు వంద వాట్లు లాగుతుందనుకుంటే, 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద పన్నెండు గంటలే వస్తుంది, చేతల్లో ఇంకా తక్కువ. జోరువాన కేయూ, కేఏ బ్యాండ్ల, అంటే ఎక్కువ డేటా మోసే పై పౌనఃపున్యాల, సంకేతాన్ని నీరసింపజేస్తుంది. తక్కువ పౌనఃపున్యపు ఎల్ బ్యాండ్ వానను బాగా తట్టుకుంటుంది గానీ అందులో డేటాకు ఇరుకు దారే దొరుకుతుంది. అందువల్ల మాటకు ఒకటి, డేటాకు మరొకటి అని ముందే విడదీసి పెట్టుకోవాలి. ఉపగ్రహ సంకేతాన్ని నేల మీద అందుకునే భూకేంద్రం ఎక్కడుందన్న ప్రశ్న కూడా టెండరు పత్రాల్లో అరుదుగానే కనిపిస్తుంది. ఆకాశం నుంచి దిగిన సంకేతం తెగిపోయిన ఫైబర్‌లోకే చేరేటట్టయితే ఇంత హంగామా దేనికి?

ఇవన్నీ ఆచరణలో అయ్యే పనులేనా అని పెదవి విరిచేవారు సముద్రం వైపు చూడాలి. 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నౌకా ఆపద సమాచార వ్యవస్థ, జీఎండీఎస్‌ఎస్, నేల మీది ప్రణాళికలకు దొరకని క్రమశిక్షణను ఓడలకు అలవాటు చేసింది. ఓడ ఏ జలాల్లో తిరుగుతుందో దాన్నిబట్టి ఏ పరికరాలుండాలో నిబంధనే చెబుతుంది. ఓడ వాడే ఉపగ్రహ సేవ అందని జలాలను విడిగా లెక్కిస్తుంది. ప్రధాన కరెంటు పోతే రేడియోను నడిపేందుకు ప్రత్యేక నిల్వ ఉండాలి: అత్యవసర జనరేటర్ ఉన్న ఓడలో ఒక గంటకు, లేని ఓడలో ఆరు గంటలకు సరిపడా. రేడియో పట్టుకునేవారికి ధ్రువపత్రం ఉండాలి. పరీక్షలు రోజువారీ, వారంవారీ, నెలవారీ జరగాలి, లాగ్‌బుక్‌లో ఎక్కాలి. ఓడరేవులో తనిఖీ అధికారి లోపం పట్టుకుంటే ఓడను కదలనివ్వకపోవచ్చు కూడా. సరుకు మోసే ఓడకున్న ఈ కట్టుబాటు లక్షలాది మంది ప్రాణాలకు బాధ్యత వహించే కంట్రోల్ రూమ్‌కు ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

మామూలు సెల్‌ఫోనే నేరుగా ఉపగ్రహంతో మాట్లాడే రోజులొచ్చాయి, వేరే ఏర్పాట్లెందుకన్న వాదన ఉంది. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. 2022 నవంబరు నుంచి ఐఫోన్ 14తో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే వీలు వచ్చింది. 2024లో హెలీన్ తుపాను తర్వాత ఇలాంటి సేవకు అమెరికాలో తాత్కాలిక అనుమతీ ఇచ్చారు. చిక్కుకుపోయిన మనిషికి ఒక చిన్న సందేశమే ప్రాణం నిలపవచ్చు. అయితే వందమంది రక్షకులను ఒకే బృందంగా నడిపించాల్సిన అధికారికి అది చాలదు. వారికి ఒకరి మాట అందరికీ చేరే గ్రూప్ కాల్ కావాలి, మ్యాపులు కావాలి, రద్దీలో తమ కాల్ ముందు వెళ్తుందన్న హామీ కావాలి.

ఆ హామీ కాగితం మీద రాసుకోవలసినది, అదీ ఒకే కంపెనీతో కాదు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైన రోజే అమెరికా కంపెనీ వయాశాట్ వారి కేఏ-శాట్ ఉపగ్రహ ఇంటర్నెట్ సేవపై సైబర్ దాడి జరిగింది. వేల మోడెములు మూగబోయాయి, ఎక్కడో మధ్య ఐరోపాలో సుమారు 5,800 గాలిమరలకు దూర నియంత్రణ పోయింది. ఉపగ్రహం మాత్రం ఆకాశంలో క్షేమంగానే ఉంది. రెండు వేర్వేరు కక్ష్యల్లో, రెండు వేర్వేరు యాజమాన్యాల కింద సేవ తీసుకోవడం దుబారా అని ఆర్థిక శాఖలు గొణగవచ్చు. అగ్నిమాపక కేంద్రంలో రెండో ఇంజను ఉంచడం దుబారా అని మాత్రం ఎవరూ అనరు.

అసలు జబ్బు ఉపగ్రహాలతో మొదలైంది కాదు. కొనుగోలుకు రిబ్బన్ ఉంటుంది, నిర్వహణకు ఉండదు. కొత్త వంతెన బడ్జెట్లో మొదటి పేజీకెక్కుతుంది, పాత వంతెన బోల్టు బిగించే ఖర్చు ముందు కోతకు గురవుతుంది. ఆసుపత్రి యంత్రాలు, వరద గేట్లు, హెచ్చరిక సైరన్లు అన్నీ ఇదే దారి పడతాయి, శాటిలైట్ ఫోన్ ఆ వరుసలో తాజాగా చేరింది. కాబట్టి ఐదేళ్ల చందా, బ్యాటరీల మార్పిడి, శిక్షణ ఖర్చు కలపని కొనుగోలు దస్త్రాన్ని ఆమోదించనేకూడదు. మూడు నెలలకొకసారి కంట్రోల్ రూమ్‌లో సెల్‌నూ ఫైబర్‌నూ రెండు గంటలు ఆపేసి, ఆ షిఫ్టులో ఉన్నవారితోనే పని నడిపించాలి. మొదటి కసరత్తులో బయటపడేది సాంకేతిక లోపమే కానక్కర్లేదు. ఫోన్ పెట్టిన బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఆ రాత్రి డ్యూటీలో ఎవరికీ తెలియకపోవడమూ కావచ్చు.