ఆదాయం ఆవిడది, రాజపూజ్యం మనదా?

ఇక్కడ బ్రిటన్‌లో మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పంతులుగారు పంచాంగం చదువుతూ మా రాశికి రాజపూజ్యం కంటే అవమానమే ఎక్కువ అన్నప్పుడు అందరితో పాటు నేనూ నవ్వాను. అది అరగంటలోనే వచ్చేస్తుందని అనుకోలేదు.

పిల్లల డాన్సులు అయ్యాక నర్సులకి సన్మానం అన్నారు కదా, లిస్టులో పదకొండు మంది పేర్లు చదివితే స్టేజి మీదకి వచ్చింది ఇద్దరే, మిగతా వాళ్ళు డ్యూటీలో ఉన్నారు. మా ఆవిడ ముందు రోజు నైట్ చేసి పడుకుంది, మళ్ళీ ఆ రాత్రికి డ్యూటీ, సరే శాలువా తీసుకుందామని నేను వెళ్ళాను. మైకు పట్టుకున్న తమ్ముడు (కుర్రాడు మంచివాడే, నాకు తెలుసు) "అన్నయ్యా, వదినగారు హాస్పిటల్ డ్యూటీ, మీరు ఇంటి డ్యూటీ, లక్కంటే మీదే, కూర్చుని తినడమే!" అన్నాడు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. శాలువా చేతిలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే కాళ్ళు వేరేవాళ్ళవిలా అనిపించాయి.

ఇంటికెళ్ళి చెప్తే ఆవిడ జడ వేసుకుంటూ "ఊరుకోండి, సరదాకన్నాడు, టిఫిన్ బాక్సులో పెరుగు పెట్టారా" అంది, అంతే. సరదాకే అన్నాడు, ఒప్పుకుంటా. కానీ ఆ నవ్వు గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు ఆ తొమ్మిది మంది ఎందుకు రాలేదో చెప్తాను. మన ఫంక్షన్లన్నీ శనివారమే కదా. ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి సర్కారు ఆస్పత్రుల వ్యవస్థ) లెక్కలో బ్యాండ్ 5 (మామూలు నర్సుల జీతం మెట్టు) నర్సుకి శనివారం, రాత్రిళ్ళు చేస్తే 30 శాతం ఎక్కువ వస్తుంది, ఆదివారం, బ్యాంక్ హాలిడే (సర్కారు సెలవు) అయితే 60 శాతం. మామూలు రోజుల జీతం అద్దెకి, కౌన్సిల్ ట్యాక్స్‌కి, కరెంటుకి పోతుంది, ఇండియాకి పంపేది ఈ 30, 60 శాతాల్లోంచే. అందుకే మన హాలు నిండిన రోజే వాళ్ళు వార్డులో ఉంటారు. పేస్లిప్ చూడని వాళ్ళకి ఇది తెలీదు, నేను ప్రతి నెలా చూస్తాను, అందులో ఈ ఎక్కువ డబ్బుకి అన్‌సోషల్ అవర్స్ (వేళకాని వేళల డ్యూటీ) అని ఒక లైను ఉంటుంది, మా ఇంట్లో అన్నిటికన్నా సోషల్ లైను అదే, మా మామగారి మందులు, మరదలి బీటెక్ ఫీజు, మా అమ్మ ఇంటి స్లాబు అన్నీ ఆ లైనులోంచి వచ్చినవే.

మేం 2021లో వచ్చాం. అప్పట్లో బ్యాండ్ 5 మొదటి మెట్టు ఏడాదికి 25,655 పౌండ్లు, 2025-26లో ఇంగ్లాండులో అది 31,049. పౌండ్లని రూపాయల్లోకి మార్చి "అబ్బో" అనేవాళ్ళకి ఒక్క మాట, ఖర్చు కూడా పౌండ్లలోనే. ట్యాక్సు, నేషనల్ ఇన్సూరెన్సు, పెన్షను పోగా ఆ మొదటి మెట్టు మీద నెలకి చేతికొచ్చేది రెండు వేలు అటూ ఇటూ. పైగా మొదట్లో అది కూడా లేదు, ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసై ఎన్ఎంసీ (ఇక్కడి నర్సుల కౌన్సిల్) పిన్, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, వచ్చేదాకా కింద బ్యాండ్ జీతమే. ఆ నెలల్లో ఇద్దరు పిల్లలతో ఒక గదిలో ఉన్నాం, ఆవిడ నా చేతికి బ్లడ్ ప్రెషర్ పట్టీ కట్టి "మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని ఇంగ్లీషులో అడిగి ప్రాక్టీసు చేసేది, రోజుకి పదిసార్లు చెప్పేవాణ్ణి, పెళ్ళిచూపుల్లో కూడా నా వివరాలు అన్నిసార్లు అడగలేదు.

ఎందుకొచ్చారంటే, మీకు తెలియంది కాదు. విజయవాడలో ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ చేస్తే నెలకి 13 వేలు ఇచ్చేవాళ్ళు. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు చిన్న ఆస్పత్రిలో అయినా నర్సుకి 20 వేలు తగ్గకూడదు అని సిఫార్సు చేసింది, 200 పడకలు దాటితే సర్కారు జీతంతో సమానంగా ఇవ్వాలంది. కేరళలో నర్సులు రోడ్డెక్కి, పోరాడి 2018లో 20 వేలు జీవోలోకి తెచ్చుకున్నారు. మన దగ్గర "సిస్టరమ్మ దేవతండీ" అని దండం పెట్టి 13 వేలు చేతిలో పెట్టారు. ఇక్కడికి రావడానికీ మనవాళ్ళకి దారి సులువుగా లేదు, ఇండియాలో నాలుగు రాష్ట్రాల నుంచి నర్సుల్ని ఏరి తెచ్చుకోకూడదని బ్రిటన్ వాళ్ళ నియామకాల కోడ్‌లో చాలా ఏళ్ళు రాసి ఉండేది, ఆ నాలుగింట్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. వార్డుల్లో మలయాళం వినిపించినంత తెలుగు వినిపించకపోవడానికి అదొక్కటే కారణం అనను, అదీ ఒకటి.

2022 డిసెంబర్లో ఆర్‌సీఎన్ (నర్సుల యూనియన్) సమ్మె అప్పుడు మన గ్రూపులో ఏం రాశారో గుర్తుందా? "వీసా మీదున్నాం, మనకెందుకు". చట్టప్రకారం జరిగే సమ్మెలో పాల్గొంటే వీసాకి ఇబ్బంది లేదని రూల్సులోనే ఉంది, అయినా భయమే. భయాన్ని తప్పుపట్టను. మా నలుగురి వీసా ఆవిడ స్పాన్సర్‌షిప్ మీదే వేలాడుతోంది. శాశ్వత నివాసానికి ఐదేళ్ళని పదేళ్ళు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం వైట్ పేపర్ వేసినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు, వెళ్ళి రోటా (డ్యూటీల పట్టిక) తెరిచి ఒక బ్యాంక్ షిఫ్ట్ (అదనపు డ్యూటీ) ఎక్కువ పెట్టుకుంది.

ఇక నా సంగతి. ఊళ్ళో బీకాం చదివి ఎరువుల షాపులో లెక్కలు రాసేవాణ్ణి, ఇక్కడ తెల్లవారుజామున నాలుగు గంటలు పార్సిళ్ళు సర్దుతాను, ఆవిడ నైట్ ఉన్న రోజు అదీ మానేస్తాను, పిల్లల్ని ఒంటరిగా వదల్లేం కదా. ఆవిడ పగలు పడుకున్నప్పుడు కుక్కర్ పెట్టను, విజిల్‌కి లేచిపోతుంది, గిన్నెలో ఎసరు పెట్టి గంజి వారుస్తాను. కూర్చుని తినడం అంటే ఇది. మైకు తమ్ముడికి చెప్పాలని రాయట్లేదు, రాస్తే బావుంటుందని రాశాను.

నేను కూడా శుద్ధపూసని కాదు. డబ్బులు ఆవిడ అకౌంట్లోంచి నా అకౌంట్లోకి వచ్చి, అక్కణ్ణుంచి మా అమ్మకి వెళ్తాయి. ఎందుకలా తిప్పుతున్నామో నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. స్లాబు వేసిన రోజు అమ్మ వీధంతా "మా అబ్బాయి పంపాడు" అని చెప్పుకుంది, వీడియో కాల్లో నా పక్కనే కూర్చుని ఆవిడ విన్నది, నేను సిగ్నల్ బాలేదన్నట్టు ఫోన్ అటూ ఇటూ తిప్పాను. ఉగాది అయిన మర్నాడు ఇక ఉండబట్టలేక అమ్మకి చెప్పేశాను, అదంతా కోడలి కష్టం అమ్మా అని. అమ్మ కాసేపు ఆగి, "నాకు తెలీదనుకున్నావురా? నలుగుర్లో నీ పేరు చెప్తే నీకు బావుంటుందని" అంది.

తెలిసీ అందరం నా కోసం నటిస్తున్నాం అన్నమాట. హాల్లో నవ్విన నవ్వు కూడా అక్కణ్ణుంచి వచ్చిందే, మగవాడు పోషించాలి, పోషించకపోతే నవ్వాలి. ఇందులో ఆవిడ ఎక్కడుంది? ఆవిడ కష్టాన్ని ఇంట్లో నా పేరు కప్పేస్తోంది, హాల్లో నా మీద జోకు కప్పేస్తోంది.

సంఘం కమిటీ పెద్దల్ని బతిమాలుకునేవి కొన్ని ఉన్నాయి. శాలువాలు వద్దు, ఫస్ట్ ఎయిడ్ టేబుల్ దగ్గర మళ్ళీ నర్సుల్నే కూర్చోబెట్టొద్దు, ఏడాదికి ఒక్క ఫంక్షనైనా వారం మధ్యలో సాయంత్రం పెట్టి చూడండి. మెంబర్‌షిప్ ఫారంలో మొదటి గడి "కుటుంబ పెద్ద" అనీ, కింద "భార్య పేరు" అనీ ఉంది చూశారా, అది తీసెయ్యండి. వీసాలిచ్చే హోం ఆఫీసు వాళ్ళు మెయిన్ అప్లికెంట్ అని ఆవిడ పేరు రాసి నన్ను డిపెండెంట్ అన్నారు, వాళ్ళకి మన ఇంటి సంగతి మనకంటే బాగా తెలిసినట్టుంది.

నెలాఖరుకల్లా ఫారాలు ఇమ్మన్నారు. పై గడిలో ఆవిడ పేరు రాశాను, కింద "భార్య పేరు" దగ్గర ఆగిపోయాను, అక్కడ నా పేరు రాస్తే మళ్ళీ మైకులో చదువుతారేమోనని. కొత్త ఫారం వేసేటట్టయితే చెప్పండి, అప్పటిదాకా మాది కాస్త లేటవుతుంది.