పర్సెంటేజీ తగ్గితే చౌర్యం లేనట్టేనా?

పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే రోజులు దగ్గరపడితే పరిశోధక విద్యార్థులు ఒకరినొకరు అడిగే మాట ‘ఎంత వచ్చింది?’. సిమిలారిటీ రిపోర్టు గురించి, అంటే థీసిస్‌లోని మాటలు ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తున్నాయో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి ఇచ్చే రిపోర్టు. పది లోపు వస్తే హమ్మయ్య అనుకుంటారు. పైన వస్తే టెన్షన్, వాక్యాలు తిరగరాసే హడావిడి.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే ఆరు నెలల్లోగా సరిచేసి ఇవ్వాలి. 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కట్టడి అవసరమే, కాదనను. కానీ ఆ అంకే ఇప్పుడు నిజాయితీకి కొలబద్ద అయి కూర్చుంది.

‘ఆ ఏడాది వానలు లేక రైతులు పిల్లాపాపలతో బతుకుదెరువు కోసం పట్నం వలసపోయారు’ అని ఎవరో ఊరూరా తిరిగి, జనంతో మాట్లాడి రాశారనుకోండి. ‘వర్షాభావంతో సేద్యగాళ్లు కుటుంబాలతో సహా నగరబాట పట్టారు’ అని మారిస్తే సాఫ్ట్‌వేర్‌కు చిక్కదు. పోయింది మాత్రం అవతలివాళ్ల కష్టం. పైగా అందరికీ తెలిసిన విషయాలో, యాదృచ్ఛికంగా కలిసిన మాటలో అయితే వరుసగా 14 పదాల దాకా లెక్కలోంచి తీసేయొచ్చని అవే నిబంధనలు చెబుతున్నాయి. పైన రాసిన తొలి వాక్యంలో ఉన్నవి పది పదాలే. తెలుగులో అంత జాగాలో ఒక పూర్తి పరిశీలన ఇమిడిపోతుంది. ఇంగ్లిష్ పుస్తకంలోని అధ్యాయాన్ని తెలుగులోకి దించేస్తే ఇక పదాలు పోల్చే యంత్రానికి ఏం దొరుకుతుంది?

మాటలు మార్చి ఆలోచనను ఎత్తుకుపోతే కాపీరైట్ చట్టం కూడా ఆదుకోదు. అది కాపాడేది రాతను, ఆలోచనను కాదు. కాబట్టి ఆలోచన ఎవరిదో చెప్పే పూచీ పరిశోధకుడిదీ, గైడుదీ. థీసిస్‌లో చౌర్యం లేదని గైడు సర్టిఫికెట్ ఇవ్వాలి. రిపోర్టులో అంకె చూసి సంతకం పెట్టేవాళ్లు ఆ పూచీని యంత్రానికి అప్పగించినట్టే. ఏళ్ల తరబడి పక్కనుండి నడిపించిన మనిషికి, ఏ అధ్యాయం విద్యార్థి సొంతమో రిపోర్టు చెప్పాలా?

పరిశోధన పేపర్లు అచ్చువేయాలన్న ఒత్తిడి ఉన్నమాట నిజం. థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చవ్వాలన్న 2016 నాటి షరతును యూజీసీ 2022లో ఎత్తేసింది, మంచి పని. అంతకంటే ముఖ్యం, వైవా (మౌఖిక పరీక్ష) బల్ల మీద రిపోర్టుతో పాటు ఫీల్డ్ నోట్సు, ఇంటర్వ్యూల రికార్డింగులు, తొలి చిత్తుప్రతులు కూడా ఉండాలి. వాటిలోంచి పరీక్షకులు ఓ పేజీ తెరిచి, ఈ మాట ఎవరు చెప్పారు, మీరు ఎప్పుడు విన్నారు అని అడగాలి.