మోరంచపల్లిని ముంచింది లేజర్ కాదు

హనుమకొండ, భూపాలపల్లి మిత్రులు ఒకరి తర్వాత ఒకరు అదే వాట్సాప్ సందేశం పంపుతున్నారు. గాలి వేగాన్ని కొలిచే యూరప్ ఉపగ్రహం ఏయోలస్ తన లేజర్‌తో ధ్రువాల గాలిని వేడెక్కించిందనీ, కాంతితో గాలిని కొలవడం బూటకమనీ, ఆ యంత్రం చెడిపోయిందనీ, దాన్ని అంటార్కిటికా మీద కూల్చినందువల్లే 2023 జులైలో మన వరదలు వచ్చాయనీ అందులోని ఆరోపణలు.

వేడి మాటకు లెక్క ఒక్కటి చాలు. ఆ లేజర్ సెకనుకు 50 సార్లు వెలిగేది, మొత్తం శక్తి మామూలుగా ఐదు వాట్లకు అటూ ఇటూ. మన ఇంటి ఎల్‌ఈడీ బల్బు తొమ్మిది వాట్లు.

కొలత బూటకమన్న మాటకు మాత్రం కొంత వివరణ అవసరం. అంటార్కిటికాలో పై గాలిని కొలిచే బెలూన్లు ఎగరేసే కేంద్రాలు చాలా తక్కువ, ఉన్నవి ఎక్కువగా తీరంలోనే. స్తంభానికి బిగించిన గాలిమాపకం నేల దగ్గరి గాలినే చెబుతుంది, మంచు పేరుకుంటే అదీ ఆగిపోతుంది. పైగా అక్కడి గాలిలో ధూళి కణాలు బాగా తక్కువ కనుక వాటి మీదే ఆధారపడే పరారుణ లేజర్లకు తిరిగొచ్చే కాంతి సరిపోదు. అందుకే ఏయోలస్‌కు గాలి అణువులే వెనక్కి చెదరగొట్టే 355 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎంచుకున్నారు. గాలి సెకనుకు ఒక మీటరు కదిలితే తిరిగొచ్చే కాంతి పౌనఃపున్యం, అంటే ఆ కాంతి అలలు సెకనుకు కంపించే లెక్క, మారేది 15 కోట్లలో ఒక వంతు. గాలి వేగాన్ని చెప్పేది ఆ మార్పే. దాన్ని పట్టుకోవడం కష్టమే కానీ, 2019లో జర్మన్ పరిశోధకులు ఐస్‌లాండ్ నుంచి విమానంలో లేజర్ పరికరాలతో ఎగిరి ఆ కొలతలను సరిచూశారు. 2020 జనవరి నుంచి యూరప్ వాతావరణ అంచనా కేంద్రం వాటిని రోజూ వాడుకుంది.

యంత్రం చెడిపోయిందన్న మాటలో నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. మొదటి లేజర్ శక్తి తగ్గిపోవడంతో 2019 జూన్‌లో రెండోదానికి మారారు. తిరిగొచ్చిన కాంతి కూడా అనుకున్నంత రాలేదు. దట్టమైన మేఘం అడ్డొస్తే దాని కింది గాలి ఆ లేజర్‌కు అందదు, కాబట్టి బెలూన్ల అవసరం ఇంకా ఉంది.

ఇక వరద విషయం. దీని దగ్గర నాకు ఓపిక నశిస్తోంది. మోరంచవాగు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మీద పడింది జులై 27 తెల్లవారుజామున. ఏయోలస్ అంటార్కిటికా మీద వాతావరణంలోకి దిగి కాలిపోయింది మన గడియారం ప్రకారం 28 అర్ధరాత్రి దాటాక, అంటే 29న. వరద వచ్చిన దాదాపు రెండు రోజులకు కూలిన ఉపగ్రహం వరద ఎలా తెస్తుంది? ఏప్రిల్ 30తోనే దాని పని ముగిసింది, వరద రాకముందే లేజర్‌ను ఆపేశారు కూడా. వాన తెచ్చింది బంగాళాఖాతంలోని అల్పపీడనం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంత నీరు మీద పడితే ఏ వాగు ఒడ్డు దాటదు?

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ముందే ఇచ్చింది. అది వాగు ఒడ్డు ఊళ్లకు ఏ గంటకు, ఎవరి ద్వారా చేరింది, చేరాక మనుషులను ఎత్తైన చోటికి తరలించే ఏర్పాటు ఏముంది అని నిలదీయాల్సిన సమయంలో, ఆ ప్రశ్నలన్నిటినీ ఈ సందేశం ఆకాశంలోకి మళ్లిస్తోంది. జంపన్నవాగు వరదలో అయినవాళ్లను పోగొట్టుకున్న ములుగు జిల్లా కొండాయి ఊరి కుటుంబాలకు కూడా దీన్ని పంపుతున్నవాళ్లు, కనీసం ఆ రెండు తేదీలైనా పక్కపక్కన పెట్టి చూసుకోండి.