సవరణ: ఐఫోన్ రింగ్‌టోన్ గురించి నేను రాసింది తప్పు

కంప్యూటర్‌లో ఎంపీ3 పాట పేరు చివర ఎం4ఆర్ (ఐఫోన్ రింగ్‌టోన్ ఫైలు రకం) అని మారిస్తే ఐఫోన్‌కి రింగ్‌టోన్ అయిపోతుందని మొన్న రాశాను. అది తప్పు. నిన్న తిరుపతి బైరాగిపట్టెడలో మా పిన్ని ఫోన్‌కి అన్నమయ్య కీర్తన పెడదామని కూర్చుంటే ఎంతకీ ఎక్కలేదు. పేరు మార్చినంత మాత్రాన లోపలి ఫార్మాట్ మారదు. ముందు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పల్లవి వరకు కత్తిరించి, 30 సెకన్లలోపు ఉంచి, ఎం4ఏ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. అలా ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఆడాసిటీకి తోడుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోవాలి. ఆ తర్వాతే ఎం4ఆర్ అని మార్చాలి. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్‌ని, అంటే ఫైలు పేరులో చివరి చుక్క తర్వాతి భాగాన్ని, దాచేస్తుంది. దాన్ని కనిపించేలా పెట్టుకోకపోతే పేరు 'పల్లవి.ఎం4ఆర్.ఎం4ఏ' అయి కూర్చుంటుంది. మాకు గంటసేపు పోయింది ఇక్కడే! ఆండ్రాయిడ్ గురించి రాసింది సరైనదే, ఎంపీ3ని రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో వేస్తే చాలు. నా మాట నమ్మి తిప్పలు పడ్డవాళ్లు క్షమించండి.