సవరణ: ఆ గుర్తులు బట్ట మీద కాదు, నూలు మీద

పుట్టపాక నుంచి మహారాష్ట్రలోని భివండికి వలసపోయిన నేత కుటుంబంలో పెరిగిన యువ చిత్రకారిణి "బట్ట మీద అచ్చులు వేయడం చూసి బొమ్మల మీద ఇష్టం పెంచుకుంది" అని మొన్నటి పోస్టులో రాశాం. అది తప్పు. వాళ్లింట్లోది తేలియా రుమాలు పని, అంటే నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్ది నేసే బట్ట; అందులో అచ్చు ఉండదు. ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి నూలును నానబెడతారు. డిజైన్ గీసిన గ్రాఫ్ కాగితం చూస్తూ పోగుల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి కడతారు. ఆ తర్వాతే రంగు, ఆ తర్వాతే మగ్గం. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి, బట్టలో నేసిన ఏనుగు బొమ్మ తొండం అంచు మసకబారుతుంది. పోగు పోగూ లెక్కపెట్టే ఈ పనిని అచ్చు అనడం నేతగాళ్లకు అన్యాయం. ఆమె చిన్నప్పుడు నింపింది ఆ గ్రాఫ్ గళ్లనే.

ఇంకొకటి: పుట్టపాక 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది, నల్లగొండలో కాదు.